118 అంకె చూసి సన్‌రూఫ్‌కు లక్షన్నర ఇవ్వొద్దు

తమ్ముడూ, నీ ప్రశ్న మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. అనంతపురంలో ఒక పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అమ్మకానికి ఉంది. కుడిచేతి స్టీరింగు, తెల్లరంగు, 1968 మోడల్. టాప్ మీద తెరుచుకునే సన్‌రూఫ్ ఉంది. అది కంపెనీ నుంచే వచ్చిందని, ఛాసిస్ నంబరు 118తో మొదలవడమే దానికి రుజువని అమ్మే ఆయన మాట. అందుకని మామూలు బీటిల్ ధర మీద ఇంకో లక్షన్నర అడుగుతున్నాడు. టాప్ లైనింగ్, అంటే లోపల కప్పుకు వేసిన గుడ్డ, విప్పనివ్వనన్నాడు. విప్పకుండా అసలుదో, తర్వాత కోసి పెట్టిందో ఎలా తెలుసుకోవాలన్నా అని అడిగావు.

మా షెడ్డు కర్నూలులో నంద్యాల రోడ్డు పక్కన. టింకరింగే మా పని. పాత బండ్ల టాపులు విప్పడం, అతకడం చేతికి అలవాటైన పనే కాబట్టి తెలిసినంత చెప్తాను.

ముందు ఆ 118 సంగతి తేల్చుకుందాం. ఆయన అబద్ధం చెప్తున్నాడని నేననను. ఇంటర్నెట్‌లో ఒక లిస్టు తిరుగుతుంటుంది, అది నిజమైన లిస్టే. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు బీటిల్‌లో ఒక్కో రకానికి మూడంకెల మోడల్ నంబరు పెట్టుకున్నారు. 111, 112 అంటే స్టాండర్డ్ బండి. 113, 114 అంటే కాస్త మెరుగైన ఎక్స్‌పోర్ట్ బండి. 115, 116 అంటే స్టాండర్డ్‌కే సన్‌రూఫ్ ఉన్నది, 117, 118 అంటే ఎక్స్‌పోర్ట్‌కు సన్‌రూఫ్ ఉన్నది. బేసి సంఖ్య ఎడమచేతి స్టీరింగు, సరి సంఖ్య కుడిచేతిది. ఆ లెక్కన 118 అంటే కుడిచేతి స్టీరింగుతో, సన్‌రూఫ్‌తో వచ్చిన ఎక్స్‌పోర్ట్ బీటిల్. ఇంతవరకు ఆయన మాట సరిపోయింది.

కానీ ఛాసిస్ మీద కొట్టిన 118 ఆ 118 కాదు. 1964 ఆగస్టు నుంచి, అంటే 1965 మోడల్ నుంచి ఛాసిస్ నంబరు పద్ధతి మారింది. మొదటి రెండంకెలు బండి రకం: 11 అంటే మామూలు బీటిల్, 15 అంటే టాప్ మొత్తం మడిచే కన్వర్టిబుల్. మూడో అంకె మోడల్ సంవత్సరం. ఆ తర్వాతి అంకెలు వరుస సంఖ్య. కాబట్టి నువ్వు చూసిన నంబరును 11, 8 అని విడదీసి చదవాలి. బీటిల్, 1968 మోడల్. అంతే. సన్‌రూఫ్ ఉన్నా లేకపోయినా ఆ ఏడు వచ్చిన బీటిల్ నంబరు అలాగే మొదలవుతుంది.

ఇది ఆయనకు గొడవ లేకుండా చెప్పాలంటే ఒక చిన్న లెక్క చాలు. 1967 మోడల్ బీటిళ్ల నంబర్లన్నీ 117తో మొదలవుతాయి, కుడిచేతి స్టీరింగు ఉన్నవి కూడా. లిస్టు ప్రకారం 117 ఎడమచేతి బండి. మరి కుడిచేతి బండి మీద ఆ అంకె ఎలా వచ్చింది? ఆయన చదివినట్టు చదివితే 1965 నుంచి 1968 దాకా వచ్చిన ప్రతి బీటిలూ సన్‌రూఫ్ బండే అయిపోతుంది. 1969 మోడల్‌తో మొదలయ్యే 119కి అసలు లిస్టులో చోటే లేదు. ఇలా యాదృచ్ఛికంగా కలిసిన అంకెలతో తెలిసో తెలియకో చాలామంది బేరాలు ఆడుతున్నారు, అందుకే ఇంత వివరంగా రాశాను.

నంబరు ఒక్క విషయానికి మాత్రం బాగా పనికొస్తుంది: సంవత్సరం. సంవత్సరం తెలిస్తే ఆ ఏడు కంపెనీ ఎలాంటి సన్‌రూఫ్ ఇచ్చిందో తెలుస్తుంది. 1963 మోడల్ దాకా బీటిల్‌కు వచ్చింది గుడ్డ టాప్. మడతలు పడుతూ వెనక్కి జరుగుతుంది, చాలా పెద్దగా తెరుచుకుంటుంది. 1963 ఆగస్టు నుంచి, అంటే 1964 మోడల్ నుంచి దాన్ని ఆపేసి ఇనుప రేకు పలక పెట్టారు. బండి రంగే దానికీ ఉంటుంది, లోపల చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది. రెండూ జర్మనీలోని గోల్డె కంపెనీ పద్ధతిలో చేసినవే. కాబట్టి 1968 బండి మీద గుడ్డ టాప్ కనిపిస్తే అది ఎంత అందంగా ఉన్నా కంపెనీది కాదు. గాజు పలక ఉండి, వెనకవైపు కాస్త పైకి లేచే రకమైతే అస్సలు కాదు. అలాంటివి మన దగ్గర 1990లలో మారుతి 800ల మీద, ఎస్టీమ్‌ల మీద తెగ పెట్టించుకున్నారు. టాప్‌లో కంత కోసి, పైనొక చట్రం, కింద ఇంకో చట్రం పెట్టి మధ్యలో రేకును స్క్రూలతో బిగిస్తారు. నీ ఫోటోలో పలక ఇనుపదే, తెల్లగానే ఉంది కాబట్టి మొదటి గండం దాటినట్టే. అసలు పని ఇక్కడి నుంచే మొదలు.

బండి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక టార్చి, పంటి డాక్టర్లు వాడే లాంటి చిన్న అద్దం, చిన్న అయస్కాంతం, ఒక గుడ్డ, నీళ్ల జగ్గు పట్టుకెళ్లు. ఫోనుకు తగిలించుకునే సన్నని కెమెరా తీగ దొరికితే ఇంకా మేలు. ఇవేవీ బండికి గీత కూడా పెట్టవు, కాబట్టి ఆయన కాదనడానికి ఏమీ ఉండదు.

ముందు హ్యాండిల్. కంపెనీ బండిలో అది ముందు అద్దం పైన, నడిమధ్యలో, లోపలికి దిగిన ఒక గుంటలో మడిచి ఉంటుంది. విప్పి తిప్పితే పలక వెనక అంచు ముందు కిందికి దిగాలి, ఆ తర్వాత మొత్తం పలక వెనక్కి జరిగి టాప్ రేకుకు, లైనింగ్‌కు మధ్య ఉన్న సందులోకి పోవాలి. మళ్లీ మూసినప్పుడు చివరి తిప్పులో వెనక అంచు లేచి టాప్‌తో సమంగా నిలవాలి. ఈ దిగడం, లేవడం గమనించు. పలక టాప్ పైనుంచే జరుగుతుంటే అది వేరే రకం. రెండు పక్కలా ఒకే వేగంతో జరగకుండా ఒక మూల వెనకబడితే లోపలి కేబుల్ అరిగిందనో, పట్టు తప్పిందనో అర్థం. అది బేరానికి పనికొచ్చే మాట, సన్‌రూఫ్ అసలుదా నకిలీదా అన్నదానికి సంబంధం లేదు.

ఇప్పుడు పలకను పూర్తిగా తెరిచి, తెరుచుకున్న చోట టాప్ రేకు అంచు చూడు. నా దృష్టిలో నూటికి ఎనభై పాళ్లు విషయం ఈ అంచే చెప్పేస్తుంది. ఫ్యాక్టరీలో ఆ కంతను కత్తిరించి వదిలేయరు. పెద్ద ప్రెస్సులో అచ్చుతో అంచును కిందికి వంచుతారు. చేతికి గుడ్డ చుట్టుకుని మెల్లగా ఆ అంచంతా తడుము. స్టీలు గిన్నె అంచు తడిమినట్టు ఉండాలి: నున్నగా, చుట్టూ ఒకే లోతుతో, నాలుగు మూలలూ ఒకే గుండ్రంతో. చేత్తో కోసిన దాంట్లో వేలు ఆగుతుంది. ఒకచోట లోతు ఎక్కువ, ఇంకోచోట తక్కువ. మూలల దగ్గర రేకును వంచడం చాలా కష్టం, అక్కడ చిన్న చిన్న గంట్లు పెట్టి వంచుతారు, ఆ గంట్లను వెల్డింగ్‌తోనో, లప్పంతోనో పూడుస్తారు. అందుకే మూలల దగ్గర అద్దం పెట్టి అంచు వెనకవైపు చూడు. ముందువైపు రంగుతో కప్పేస్తారు గానీ వెనకవైపు ఎవరూ అంత ఓపికగా రాయరు.

అంచంతా నల్లటి రబ్బరు బీడింగ్ కప్పి ఉంటే ముందే అనుమానపడు. వంచని పచ్చి అంచును దాచడానికి అదే సులువైన దారి. బీడింగ్‌ను ఒకచోట రెండంగుళాలు పైకి లాగి చూడొచ్చా అని మర్యాదగా అడుగు. మళ్లీ వేలితో నొక్కితే కూర్చుంటుంది. కంపెనీ పలకకు సీలు చుట్టూ మెత్తటి ఫెల్ట్ లాంటిది ఉంటుంది. అది పాతబడితే నలిగి, ఊడి, చాలామంది మార్పించి ఉంటారు. కొత్త సీలు కనిపిస్తే అది తప్పు కాదు.

అంచు తర్వాత లోపలి చట్రం. పలక సగం తెరిచి ఆపి, వెనక సందులోకి టార్చి వేసి అద్దమో, కెమెరా తీగో పెట్టు. టాప్ రేకు కింది వైపు, పట్టాలు కూర్చున్న చట్రం కనబడతాయి. కంపెనీ చట్రాన్ని టాప్‌కు స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటారు. అంటే ఇంచుమించు ఒకే దూరంలో వరుసగా చిన్న గుండ్రటి గుంటలు. రివెట్లు, రేకు స్క్రూలు, బ్రాస్ పెట్టి అతికిన పసుపు గీతలు, గ్యాస్ వెల్డింగ్ వేడికి వంకర పోయిన రేకు కనబడితే ఆ చట్రం తర్వాత వచ్చింది. మిగ్ వెల్డింగ్ ముద్దలు కనబడితే మరీ ఈమధ్య వచ్చింది. ఇప్పటి బండ్లతో దీన్ని పోల్చుకోకు. మీ పెనుకొండ కియా ప్లాంటులో 2019 నుంచి చేస్తున్న సెల్టోస్ లాంటి వాటిలో సన్‌రూఫ్ ఒక మొత్తం యూనిట్‌గా తయారై వచ్చి బోల్టులతో బిగుస్తుంది. అక్కడ పనిచేసే కుర్రాళ్లు ఎవరైనా నీతో వచ్చి "వెల్డింగ్ ఉంది కాబట్టి ఇది లోకల్ పని" అంటే నమ్మేయకు. అరవైల నాటి పద్ధతి వేరు.

ఆ సందులో రంగు కూడా చూడు. ఫ్యాక్టరీలో బాడీ షెల్ (బండి పై రేకు డొల్ల) మొత్తాన్ని ప్రైమర్‌లో ముంచి, తర్వాత రంగు వేశారు. కాబట్టి చట్రం, టాప్ రేకు కింది వైపు ఒకే వయసు పూతతో ఉండాలి. చట్రం ఒక రంగు, దాని పక్క రేకు ఇంకో రంగు అంటే రెండూ వేర్వేరు రోజుల్లో పుట్టాయి. బండి బయట ఎన్నిసార్లు రంగు మారినా ఈ సందులోకి స్ప్రే గన్ సరిగా పోదు. అందుకే బండి అసలు రంగు ఏమిటో తెలియాలన్నా ఇదే మంచి చోటు.

ఇక నీళ్లు. సన్‌రూఫ్ అన్నాక కొద్దో గొప్పో నీళ్లు లోపలికి దిగుతాయి. వాటిని ఆపడం కంటే పట్టుకుని బయటికి పంపడమే దాని పద్ధతి. కంత చుట్టూ కాలువ, కాలువ మూలల నుంచి రబ్బరు గొట్టాలు. ముందువి అద్దం పక్క పిల్లర్లలోంచి కిందికి దిగుతాయి. తర్వాత పెట్టించిన వాటిలో చాలావరకు కాలువ ఉండదు, లేదా ఉన్నా గొట్టాలు ఉండవు. అంతా సీలు మీద, సిలికాన్ మీద భారం వేస్తారు. అనంతపురంలో ఈ లోపం ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో మీదొకటి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ సెప్టెంబరు చుట్టూ నాలుగు వానలకే అయిపోతుంది. ఆ బండి షెడ్డులోనే ఉందంటే సన్‌రూఫ్ ఒక్క గట్టి వాన కూడా చూసి ఉండకపోవచ్చు. అందుకే జగ్గు తీసుకెళ్లమన్నాను. బండిని చదునైన చోట పెట్టించి, కాలువలో ఒక్కో మూల దగ్గర సన్నటి ధారగా గ్లాసెడు నీళ్లు పోయి. ఒక మనిషిని కింద కూర్చోబెట్టు. నీళ్లు బండి బయట కింద కారాలి. లైనింగ్ మీద చెమ్మ పాకినా, సీటు మీదో కాళ్ల కిందో బొట్లు పడినా ఆపెయ్.

ఒకవేళ నీళ్లు ఎటూ పోకుండా కాలువలోనే నిలబడితే కంగారుపడకు. మన దగ్గర ఎర్రమట్టి దుమ్ము గ్రీజుతో కలిసి గట్టిపడుతుంది, దానికితోడు కందిరీగలు ఆ కంతల్లో మట్టిగూళ్లు పెడతాయి. మూసుకుపోయిన గొట్టం అంటే అక్కడ గొట్టం ఉన్నట్టే కదా. నిజం చెప్పాలంటే అలాంటి పాత మురికి చూస్తే నాకు నమ్మకం పెరుగుతుంది. కాలువ తళతళలాడుతూ, మూలల్లో తాజా సిలికాన్ వాసన వస్తుంటేనే ఎందుకు ఇంత శుభ్రం చేశారా అని ఆలోచిస్తాను. గట్టి గాలి కొట్టి గొట్టం తెరవబోకు, లోపల పాత రబ్బరు ఊడిపోతే దాన్ని మళ్లీ ఎక్కించడానికి లైనింగ్ మొత్తం దించాలి.

ఇంతవరకు అన్నీ సరిపోయినా ఇంకొక ఎత్తు ఉంది. ఇది తెలివైనవాళ్లు చేసే పని. తుప్పు పట్టిపోయిన ఇంకో సన్‌రూఫ్ బీటిల్ నుంచి టాప్‌ను మొత్తం కోసి తెచ్చి ఈ బండికి అతకడం. అప్పుడు అంచు అసలుదే, చట్రం అసలుదే, స్పాట్ వెల్డింగ్ అసలుదే, నీళ్లు కూడా సరిగ్గా పోతాయి. కానీ ఆ టాప్ ఈ బండిది కాదు. దీన్ని పట్టుకోవాలంటే కంత దగ్గర కాదు, పిల్లర్ల దగ్గర చూడాలి. ముందు అద్దానికి రెండు వైపులా, తలుపుల వెనక పిల్లర్ల మీద, వెనక అద్దం కింది మూలల్లో అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి నెమ్మదిగా జరుపు. లప్పం మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది. రంగు మందం కొలిచే మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే ఇంకా సులువు. అసలు పూత సాధారణంగా 100-150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, ఒకసారి మళ్లీ రంగు వేస్తే దానికి రెట్టింపు దాకా రావొచ్చు, పిల్లర్ మీద అడ్డంగా ఒక పట్టీలో మాత్రం ఒక్కసారిగా వెయ్యి దాటిందంటే దాని కింద అతుకు ఉంది. తలుపు రబ్బరు కొంచెం లాగి దాని కింద రేకు అంచు కూడా చూడు. రంగు వేసేవాళ్లు అక్కడిదాకా రుద్దరు.

తలుపుల సందులు కూడా ఒకసారి చూడు. టాప్ కోసి సరైన చట్రం పెట్టని బండిలో షెల్ కొద్దిగా సడలుతుంది. ఒక ముందు చక్రాన్ని జాకీ మీద లేపి తలుపు తెరిచి మూసి చూస్తే తేడా తెలుస్తుంది. కంత మూలల నుంచి రంగులో జుట్టులాంటి పగుళ్లు బయలుదేరి ఉంటే అదీ అదే జబ్బు.

బీటిల్‌లో ఇంకో చిక్కు. దాని బాడీ వేరు, కింది ఛాసిస్ పాన్ వేరు, రెండూ బోల్టులతో కలుస్తాయి. ఛాసిస్ నంబరు వెనక సీటు కింద, నడిమధ్య టన్నెల్ మీద కొట్టి ఉంటుంది. ముందు స్టెప్నీ వెనక ఒక ప్లేటు మీద కూడా ఉంటుంది. రెండూ కలుస్తున్నాయా చూడు. వెనక సీటు ఎత్తినప్పుడు కుడిపక్క బ్యాటరీ కింద తుప్పు ఎంతుందో కూడా చూసెయ్, బీటిల్ కొనేవాడు సన్‌రూఫ్ కంటే ముందు చూడాల్సింది అదే. నేను చెప్పేదేమిటంటే, ఆ నంబరు పాన్‌ది మాత్రమే. దాని మీద కూర్చున్న బాడీ పాతదో కొత్తదో నంబరు చెప్పదు. 1968 మోడల్ 1300, 1500 బండ్లకు హెడ్‌లైట్లు నిటారుగా మారాయి, బంపర్లు పెట్టెలాగా చదునుగా అయ్యాయి, పెట్రోలు మూత బయటికి, కుడిపక్క ముందు భాగంలోకి వచ్చింది. అంతకుముందు పెట్రోలు పోయాలంటే ముందు బానెట్ ఎత్తాల్సిందే. 118 నంబరున్న పాన్ మీద బయట పెట్రోలు మూత లేని బాడీ ఉంటే అది ముందటి ఏళ్ల బాడీ కావొచ్చు. అయితే కుడిచేతి బండ్లలో కొన్ని ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, ఐర్లాండ్ లాంటి చోట్ల బిగించినవి. ఆస్ట్రేలియా బండ్ల మార్పులు జర్మనీ బండ్లతో ఏడాదికేడాది కలవవు. కాబట్టి ఈ ఒక్క తేడాతో నిర్ణయానికి రాకు, బండి ఏ దేశం నుంచి వచ్చిందో అడుగు.

కాగితం మీద గట్టి రుజువు కావాలంటే ఒకటే దారి. జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఫోక్స్‌వ్యాగన్ ఆటోమ్యూజియం ఫౌండేషన్ వాళ్లు ఛాసిస్ నంబరు పంపితే పాత రికార్డు చూసి ఫీజు తీసుకుని సర్టిఫికెట్ ఇస్తారు. బండి ఏ రోజు తయారైంది, ఏ దేశానికి పోయింది, అసలు రంగు ఏమిటి లాంటివి అందులో ఉంటాయి. తెల్లరంగు అసలుదే అయితే 1968లో లోటస్ వైట్, కోడ్ ఎల్ 282 అని రావొచ్చు. లిస్టులోని 118 అనే మోడల్ నంబరు ఇక్కడ కనిపిస్తే మాత్రం దానికి విలువ ఉంది, అక్కడ అది నిజంగా సన్‌రూఫ్ బండి అనే అర్థం. ప్రత్యేక సామాను కోడ్లలో ఎం 560 అని ఉన్నా ఇనుప సన్‌రూఫే. కిట్‌గా విడిభాగాల్లో వేరే దేశానికి పోయిన బండ్ల గురించి మాత్రం వివరాలు తక్కువగా దొరుకుతాయి. సర్టిఫికెట్ వచ్చాక అందులోని రంగును, టాప్ సందులో నువ్వు చూసిన పాత రంగుతో పోల్చు. రెండూ ఒకటే అయితే పాన్, టాప్ కలిసే పుట్టాయని ధైర్యంగా అనుకోవచ్చు. కాగితం, రేకు వేర్వేరు మాటలు చెప్తే నేను రేకునే నమ్ముతాను.

చట్రం మీదో, హ్యాండిల్ వెనకో భాగం నంబరు కనబడితే ఫోటో తీసి పెట్టు. ఫోక్స్‌వ్యాగన్ భాగాల నంబర్లలో మధ్య మూడంకెలు 877 అయితే సన్‌రూఫ్ వర్గానివి. స్క్రూలు, నట్లు జర్మనీవి మిల్లీమీటర్ల కొలతలో ఉంటాయి. అంగుళాల స్పానర్లే సరిపోతున్నాయంటే ఆ సన్‌రూఫ్ ఇంగ్లండులో పెట్టించింది కావొచ్చు. అప్పట్లో అక్కడ వెదర్‌షీల్డ్స్, ట్యూడర్ వెబాస్టో లాంటి కంపెనీలు కొత్త బండ్లకే కోసి సన్‌రూఫ్‌లు పెట్టేవి, డీలర్లే ఆర్డరు తీసుకునేవాళ్లు. అలాంటిది బయటపడితే దాన్ని నకిలీ అని తీసిపారేయకు. ఆ కాలపు పని, ఆ కాలపు సామాను, పాత బిల్లు కూడా ఉంటే ఇష్టపడేవాళ్లు ఉన్నారు. ఫ్యాక్టరీది అని చెప్పి అమ్మకూడదు, అంతవరకే.

అసలుదా కాదా అన్నది గొప్పలకే కాదు, రేపు రిజిస్ట్రేషన్‌కు కూడా పనికొస్తుంది. 2021 జులైలో సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌కు వచ్చిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లను, ఫోర్‌వీలర్లను వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, మళ్లీ నమోదుకు 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు అని నిబంధన. టాప్ రేకు కోయడమంటే నా లెక్కలో బాడీ షెల్‌ను మార్చడమే. తనిఖీలో ఒకరు పట్టించుకోకపోవచ్చు, ఇంకొకరు పట్టుకోవచ్చు. లక్షన్నర ఎక్కువిచ్చి ఆ టెన్షన్ కొనుక్కోవడం ఎందుకు? మామూలు ఆర్‌సీ మీదే తిప్పుకుంటాను అన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది, కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఈ విషయంలో మీ ఆర్టీఓ ఆఫీసులో ముందే అడిగి పెట్టుకో.

బేరం సంగతికొస్తే, ఆయనతో అంకెల మీద వాదన పెట్టుకోకు. 118 అర్థం ఒక్కసారి చెప్పి వదిలెయ్. "అన్నా, సర్టిఫికెట్ నేనే తెప్పిస్తాను, ఖర్చు నాదే, అందులో సన్‌రూఫ్ ఉందని వస్తే మీరడిగిన లక్షన్నర ఇస్తాను, రాకపోతే మామూలు బీటిల్ ధరకే ఇవ్వండి" అను. ఈ మాటకు ఒప్పుకుంటే మనిషి నిజాయితీగానే నమ్ముతున్నాడని అర్థం. మాట రాతలో పెట్టుకుని చిన్న అడ్వాన్సు ఇచ్చి సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగు. నీళ్లు పోయనివ్వను, సీటు ఎత్తనివ్వను అంటే ఇక మాట్లాడేదేమీ లేదు, వచ్చెయ్.

కోసి పెట్టిందే అని తేలినా బండి వదిలేయాల్సిన పని లేదు. పాన్ గట్టిగా ఉండి, బ్యాటరీ కింద తుప్పు లేకుండా, ఇంజిన్ నిజాయితీగా నడుస్తుంటే మన పొడి వాతావరణంలో నిలిచిన బీటిల్ దొరకడమే గొప్ప. అప్పుడు మామూలు ధరలోంచి టాప్ పనికి అయ్యేదాన్ని తగ్గించి అడుగు. చక్కగా కోసి, నీళ్లు లోపలికి రాకుండా ఉంటే దాన్ని అలాగే ఉంచుకోమంటాను. వింటేజ్ నంబరు కావాలనుకుంటేనే టాప్ రేకు మార్పించు. అది అనంతపురంలో దొరకని పని, బెంగళూరులో బీటిళ్లు చేసే చేతులున్నాయి, వాళ్లకు చూపించి అంచనా వేయించుకున్నాకే బేరం ఖాయం చెయ్.

ఆదివారం వెళ్తానన్నావు కదా, తెరిచిన కంత మూలలు నాలుగూ అంచు వెనకవైపు నుంచి, కాలువ, వెనక సీటు కింద నంబరు, రెండు ముందు పిల్లర్లు ఫోటోలు తీసి పెట్టు. ఫ్లాష్ వేయకుండా టార్చిని పక్క నుంచి పట్టుకుని తియ్, ఎదురుగా వెలుగు పడితే రేకులో ఎత్తుపల్లాలు ఫోటోలో కనబడవు.